ఏ క్యాప్ అన్నది తర్వాత, ముందు ఆ పన్ను నిలుస్తుందో లేదో చూడాలి

ప్రశ్న: నా వయసు 46. ఐదు నెలల క్రితం కింది దవడ పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నాను. తీరిక లేక క్యాప్ వేయించుకోలేదు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు ఒక మూల ఊడిపోయింది. గట్టివి నమిలితే నొప్పి వస్తోంది. అప్పుడు డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. ఒకసారి ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ మూడు రోజులు వాడాను. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. నిద్రలో పళ్లు నూరుతానని ఇంట్లోవాళ్లు అంటారు. జిర్కోనియా క్యాప్‌కు పదిహేనేళ్ల గ్యారంటీ ఉందట. అది మంచిదా, మెటల్ సిరామిక్ మంచిదా?

జవాబు: మీరు క్యాప్ గురించి అడిగారు కానీ, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి ఊడిన సిమెంటు, నమిలినప్పుడు వచ్చే నొప్పి. రూట్ కెనాల్ చేసిన పంటిలో నరం ఉండదు కాబట్టి అది చల్లటి నీళ్లకు జివ్వుమనదు. నమిలితే నొప్పి వస్తోందంటే, ఆ నొప్పి చాలావరకు వేరు చుట్టూ ఉన్న కణజాలానిదే అయి ఉంటుంది. తాత్కాలిక సిమెంటు కొన్ని వారాల కోసం పెట్టేది; అది ఊడిన చోటునుంచి లాలాజలం, దానితోపాటు సూక్ష్మక్రిములు వేర్ల దాకా దిగి మళ్లీ ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉండవచ్చు. లేదా, పైకప్పు లేని పన్ను నమిలే ఒత్తిడికి చీలి ఉండవచ్చు. పంటిని చూడకుండా ఈ రెండింటిలో ఏది అన్నది చెప్పలేను.

మీ దంతవైద్యులు అద్దం పిడితో పంటి మీద మెల్లగా తట్టి చూస్తారు. ఒక్కో మొన మీద చిన్న ప్లాస్టిక్ కడ్డీ పెట్టి కొరకమంటారు. కొరికినప్పటికంటే వదిలినప్పుడు చురుక్కుమంటే చీలికను అనుమానించాలి. చిగురు చుట్టూ కొలిచేటప్పుడు ఒక్కచోట మాత్రమే కొలత పరికరం లోతుగా దిగితే, పంటి వేరు నిలువునా చీలిందేమోనన్న భయం ఉంటుంది. అలా చీలిన పంటిని సాధారణంగా తీసేయవలసి వస్తుంది. ఎక్స్‌రే తప్పదు, అయితే సన్నటి చీలికలు అందులో కనబడకపోవచ్చు కూడా. వేర్లలో నింపిన పదార్థానికి ఇన్ని నెలలుగా లాలాజలం తగులుతూ ఉంటే, క్యాప్‌కు ముందు రూట్ కెనాల్‌ను మళ్లీ చేయవలసిన అవసరం రావచ్చు.

ఇక మాత్రల సంగతి. ఈ మాట రాయని వారం నాకు ఉండదు. నరాన్నీ రక్తనాళాలనూ తీసేసిన వేరు గొట్టంలోకి రక్తం వెళ్లదు కాబట్టి, రక్తంలో తిరిగే అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ అక్కడికి చేరే దారే లేదు. మిగిలిపోయిన మాత్రలను మూడు రోజులు మింగి ఆపేస్తే నొప్పి కాస్త అణగవచ్చు, మూలం మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఆ మందుకు లొంగని క్రిములను మీరే పెంచినవారవుతారు. డైక్లోఫెనాక్ విషయం ఇంకా ముఖ్యం. అది టెల్మిసార్టాన్ ప్రభావాన్ని తగ్గించి రక్తపోటును పెంచగలదు, రెండూ కలిస్తే మూత్రపిండాల మీద భారం పడుతుంది, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా వాడుతుంటే అది మరింత పెరుగుతుంది. మీకు బీపీ మందు రాసిన వైద్యులకు ఈ విషయం చెప్పారా? చెప్పి ఉండరనే అనుకుంటున్నాను. ఇకనైనా చెప్పండి, వారిని అడగకుండా ఆ మాత్ర వేసుకోవద్దు.

పన్ను నిలుస్తుందని తేలితే, దవడ పంటికి లోపల మరో పొర లేకుండా పూర్తిగా జిర్కోనియా అనే గట్టి తెల్లటి పదార్థంతోనే చేసిన క్యాప్ తగినదే. మెటల్ సిరామిక్‌లో లోపలి లోహం పైన ఉండే పింగాణీ పొర, పళ్లు నూరే అలవాటున్నవారిలో పెచ్చులుగా లేచే అవకాశం ఉంటుంది, చిగురు కొంత కిందికి జరిగితే అంచున నల్లటి గీత కూడా కనిపిస్తుంది. ఆ రెండు పొరలకు చోటు కోసం నమిలే తలాన్ని సుమారు 2 మిల్లీమీటర్లు అరగదీయాలి. జిర్కోనియాకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు సరిపోవచ్చు. నికెల్ పడనివారైతే నికెల్ కలిసిన లోహం వద్దు. ముందు పళ్లకు వాడే, వెలుతురు చొరబడే రకం జిర్కోనియా అందంగానే ఉంటుంది కానీ అంత గట్టిది కాదు, దాన్ని దవడకు అడగకండి. జిర్కోనియాను సర్దుబాటు కోసం గీకిన తర్వాత నున్నగా పాలిష్ చేయకపోతే ఎదురు పంటిని అరగదీస్తుంది, ఇది తప్పక అడగండి. పూర్తి లోహపు క్యాప్ చూడటానికి బాగుండదు కానీ, చివరి దవడ పంటికి దానంత నమ్మకమైనది తక్కువే.

గ్యారంటీ క్యాప్‌కే వర్తిస్తుంది, దాని కింది పంటికి కాదు. క్యాప్ నిలబడాలంటే చిగురు పైన చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగలాలి, అంత లేకపోతే ఎంత ఖరీదైన క్యాప్ అయినా ఊడిపోవచ్చు. పళ్లు నూరే అలవాటుకు రాత్రిపూట పళ్లకు తొడుక్కునే గార్డ్ గురించి కూడా మాట్లాడండి.

ఈ వారంలోనే వెళ్లండి, అప్పటిదాకా ఆ వైపు నమలకండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా అదే రోజు చూపించుకోండి; మింగడం, ఊపిరి తీసుకోవడం ఇబ్బందిగా ఉంటే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. పరీక్ష చేయకుండా రాసిన ఈ జవాబు మీ దంతవైద్యుల నిర్ణయానికి ప్రత్యామ్నాయం కాదు.