వీల్‌చైర్ ఆర్డరు పెట్టే ముందు: వేళచ్చేరిలోని మా అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ అత్తగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చారని, కుడి చెయ్యీ కాలూ ఇంకా స్వాధీనంలోకి రాలేదని, మామగారికి చెవుడు మరీ ఎక్కువైందని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. కావలి నుంచి చెన్నై వచ్చి కొత్త ఊళ్ళో, అదీ ఫ్లాటులో, ఇద్దరు పెద్దవాళ్ళను చూసుకోవడం చిన్న పని కాదు. ఏ వీల్‌చైర్ ఆర్డరు పెట్టమంటారని అడిగి, మూడు ఫొటోలు కూడా పంపావు. ప్రస్తుతానికి ఆ మూడింటిలో ఏదీ పెట్టవద్దు. ఉద్యోగకాలమంతా చెన్నైలోనే ఫిజియోథెరపీ విభాగంలో గడిపినవాడిని. ఇళ్ళకు వెళ్ళినప్పుడు బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికివస్తున్న వీల్‌చైర్లను చాలా చూశాను. వాటిలో చెడిపోయినవి తక్కువ, ఆ మనిషికో ఆ ఇంటికో సరిపోక మూలపడినవే ఎక్కువ.

కాబట్టి మొదట టేపు తీసుకుని బాత్రూమ్ తలుపు దగ్గరకు వెళ్ళు. చౌకట్టు వెడల్పు కొలిస్తే ప్రయోజనం లేదు. తలుపును పూర్తిగా తెరిచి, తలుపు మందం పోగా మనిషి దూరడానికి నిజంగా మిగిలే ఖాళీ ఎంతో కొలవాలి. ముప్పై అంగుళాల చౌకట్టు అనుకున్నది అలా కొలిస్తే ఇరవై ఏడో ఇరవై ఆరో తేలుతుంది. బజారులో మామూలుగా దొరికే మడత వీల్‌చైర్‌కు సీటు 18 అంగుళాలు ఉంటే, రెండు పక్కల చక్రాలూ వాటిని తిప్పే రింగులూ కలుపుకొని మొత్తం వెడల్పు 25, 26 అంగుళాలకు చేరుతుంది. ఇక రింగులు తిప్పేవారి చేతి వేళ్ళు చౌకట్టుకు గీరుకోకుండా ఎలా ఉంటాయి? బాత్రూమ్‌లోకి వీల్‌చైర్ పోదని తేలితే బాధపడనక్కరలేదు. చిన్న చక్రాల కమోడ్ కుర్చీ వేరుగా తీసుకుంటే ఆ పని జరిగిపోతుంది. ఆ సంగతి కొనకముందు తెలియాలి, అంతే. గోడకు పట్టుకునే కడ్డీ మాత్రం తప్పక బిగించండి, అదీ టైల్సు వెనకాల గట్టి గోడలోకి. తువ్వాలు వేసుకునే రాడ్డును పట్టుకుని లేవబోయి పడిపోయినవారు మా విభాగానికి తరచుగా వచ్చేవారు.

మీ అపార్టుమెంటు గుమ్మంలో మెట్లున్నాయా అని కూడా చూడు. ఒక అంగుళం ఎత్తుకు కనీసం పన్నెండు అంగుళాల పొడవు ర్యాంపు ఉండాలనేది లెక్క. అంటే ఆరేసి అంగుళాల మెట్లు రెండున్నా, పన్నెండు అడుగుల ర్యాంపు కావాలి. స్కూటర్లు ఎక్కించడానికి అపార్టుమెంట్లలో పోసే నిటారు సిమెంటు వాలును ర్యాంపు అనుకుని, మనిషిని కూర్చోబెట్టి దాని మీదుగా దించవద్దు. తప్పనిసరైతే వీల్‌చైర్‌ను వెనక్కి తిప్పి, మీరు కింది వైపు ఉండి, మెల్లగా దించాలి.

ఇక మనిషి కొలతలు. అత్తగారిని గట్టి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, తుంటి దగ్గర ఎక్కడ ఎక్కువ వెడల్పు ఉందో అక్కడ కొలిచి, దానికి ఒక అంగుళం కలిపితే సీటు వెడల్పు వస్తుంది. సీటు వదులుగా ఉంటే సుఖమని అందరూ అనుకుంటారు గాని, పక్షవాతం వచ్చినవారు వదులు సీటులో బలం లేని వైపుకు వాలిపోతారు, కొన్నాళ్ళకు నడుము ఆ వంకరలోనే స్థిరపడుతుంది. సీటు అంచుకూ మోకాలి వెనుక మడతకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. ఎత్తు విషయంలో ఆమెకు ప్రత్యేకమైన అవసరం ఉంది: ఎడమ కాలూ ఎడమ చెయ్యీ బాగున్నాయి కనుక, ఎడమ పాదం నేలకు పూర్తిగా ఆనేటంత కిందికి సీటు ఉంటే, ఆ చేత్తో చక్రం తిప్పుతూ ఆ కాలితో నేలను తన్నుకుంటూ ఆమె హాలులోంచి వంటగదిలోకి తనంతట తాను వెళ్ళగలదు. నువ్వు పంపిన ఫొటోల్లో రెండు చిన్న చక్రాల కుర్చీలు. అవి తేలికగా ఉంటాయి, కారు డిక్కీలో పడతాయి, దుకాణంవాళ్ళు వాటినే ముందు చూపిస్తారు. కాని ఎవరో ఒకరు వెనుక నుంచి తోస్తే తప్ప అవి కదలవు. సంసారమంతా తన చేతుల మీద నడిపించిన మనిషిని మంచినీళ్ళకు కూడా పిలిచి అడగవలసిన స్థితిలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. చేతి ఆనికలు ఊడివచ్చేవీ, పాదం పలకలు పక్కకు తిరిగేవీ అయితే మంచం మీదికి మార్చడం సులువు. రోజులో ఎక్కువసేపు కూర్చునేటట్టయితే మంచి కుషన్ లేకుండా వీల్‌చైర్ కొనవద్దు, పుండ్లు పడతాయి.

ఇంత చెప్పాక ఒక మాట: ఆమెకు ఇంట్లో వీల్‌చైర్ అవసరం కొద్ది నెలలే కావచ్చు. అందుకే మొదట నెల అద్దెకు తీసుకోమంటాను. పెద్ద ఆసుపత్రుల చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో అద్దెకిస్తారు. నడక మొదలుపెట్టించేటప్పుడు వాకర్ కొనమని ఎవరైనా అంటే ఆగు. వాకర్‌ను రెండు చేతులతోనూ పట్టుకోవాలి, కుడి చేతికి పట్టే లేదు గదా. నాలుగు కాళ్ళ కర్ర ఆమెకు తగినది, దాన్ని బాగున్న ఎడమ చేత్తో పట్టుకోవాలి. చెప్పులతో నిలబెట్టి చెయ్యి కిందికి వదిలినప్పుడు మణికట్టు ముడత ఎక్కడికి వస్తుందో అక్కడికి కర్ర పిడి రావాలి. కర్ర కాళ్ళ కొనలకు తొడిగిన రబ్బరు బుష్‌లను నెలకోసారి తిప్పి చూడు. అడుగున గాడులు అరిగి నున్నబడితే, తడిసిన గ్రానైటు నేల మీద ఆ కర్ర ఉండీ లేనట్టే. బుష్ ఖరీదు కొద్ది రూపాయలే గనుక రెండు జతలు ఇంట్లో ఉంచుకో.

నడిచేటప్పుడు కుడి పాదం ముందు భాగం వేలాడి నేలకు రాసుకుంటుంటే, పాదం అడుగు నుంచి పిక్క వరకు వచ్చే ప్లాస్టిక్ స్ప్లింట్ వేయిస్తారు. దీన్ని ఆన్‌లైన్‌లో కొలత చెప్పి తెప్పించుకోవడం కంటే, పాదానికి అచ్చు తీసి చేసే ఆర్థోటిస్టు దగ్గర చేయించుకోవడమే మేలు. ఆ వృత్తిలో ఉన్నవారికి భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి, అడిగి చూడడంలో మొహమాటం వద్దు. మొదటి వారంలో స్ప్లింట్ విప్పిన ప్రతిసారీ చర్మం చూడాలి: ఎర్రటి మచ్చ ఇరవై నిమిషాల తరువాత కూడా పోలేదంటే అక్కడ ఒత్తుతున్నదని అర్థం, వెంటనే తీసుకువెళ్ళి సరిచేయించాలి. ఆ కాలికి స్పర్శ తగ్గి ఉంటే నొప్పి తెలియదు కనుక ఆమె చెప్పేదాకా ఆగకూడదు.

మామగారి చెవి మిషన్ సంగతిలో మీరు ఈ ఊళ్ళో ఉండడం వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు శబ్దాల పరీక్షతో పాటు మాటల పరీక్ష కూడా చేస్తారు. హెడ్‌ఫోనులో కొన్ని పదాలు వినిపించి, తిరిగి చెప్పమంటారు. చెన్నైలో సహజంగా ఆ పదాలు తమిళంలో ఉంటాయి. జీవితమంతా కావలిలో గడిపిన ఆయన ఆ పదాలను తప్పు చెబితే, వినపడక తప్పారో భాష రాక తప్పారో ఎలా తెలుస్తుంది? తెలుగు పదాల పట్టిక ఉన్న చోటుకు వెళ్ళండి, ఫోనులోనే ముందు అడగండి. మిషన్ ఎంచుకునేటప్పుడు చెవిలో కనపడకుండా ఇమిడిపోయే రకం మీద ఆశపడవద్దు. ఆయన వేళ్ళకు ఆ చిట్టి బ్యాటరీ చిక్కదు. చెవి వెనుక పెట్టుకునేదైతే, అందులోనూ చార్జింగు రకమైతే, తానే చూసుకోగలరు. పెట్టుకున్న కొత్తలో వంటింట్లో గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు పెద్దవిగా వినపడి విసుక్కుంటారు. తీసి డబ్బాలో పడేయనివ్వకుండా, మొదట నిశ్శబ్దమైన గదిలో గంటో రెండు గంటలో పెట్టించి, వారాల మీద సమయం పెంచుతూ, మళ్ళీ ఆడియాలజిస్టు చేత సర్దుబాటు చేయించాలి. ఈ ఊరి ఉక్కకూ చెమటకూ మిషన్లు త్వరగా పాడవుతాయి, రాత్రి పూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి.

డబ్బు విషయానికి వస్తాను. నలభై శాతం అంతకు మించి వైకల్యం ఉందని ధ్రువీకరణ ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకం కింద పరికరాలిస్తారు; నెల ఆదాయం 22,500 రూపాయల లోపు అయితే పూర్తిగా ఉచితం, 30,000 లోపు అయితే సగం ధర. అరవై దాటిన పేదవారికి, వయసు వల్ల వచ్చిన ఇబ్బందులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. అది 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది, ఊతకర్రలు, వాకర్లు, చెవి మిషన్లు, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, వీల్‌చైర్లు అందులో ఉన్నాయి. రెండింటికీ ఎక్కువగా సరఫరా చేసేది కాన్పూరులో 1972లో స్థాపించిన అలిమ్‌కో సంస్థ. మీ ఇంటి ఆదాయం ఈ పరిమితులు దాటుతుంది కనుక మీకు ఇవి వర్తించకపోవచ్చు గాని, మీ వాచ్‌మన్ తల్లి మోకాళ్ళ నొప్పితో గోడలు పట్టుకుని నడుస్తున్నదని రాశావు, ఆమెకు వర్తించవచ్చు. శిబిరం ఎప్పుడు పెడతారో జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో అడుగు. బోర్డు మీద తమిళంలో మాట్రుత్తిరనాళిగళ్ అని ఉంటుంది. శిబిరంలో ఇచ్చిన కర్రనైనా పైన చెప్పినట్టు ఎత్తు సరిచేసి ఇవ్వమని అడగాలి, అక్కడ వరుస తొందరలో ఎవరూ చూడరు.

ఆదాయంతో నిమిత్తం లేకుండా అత్తగారికి యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవారికిచ్చే గుర్తింపు కార్డు మాత్రం చేయించండి. పక్షవాతానికి సాధారణంగా ఆరు నెలలు గడిచి, పరిస్థితి ఒక స్థాయికి వచ్చాకే వైకల్యపు శాతం నిర్ణయిస్తారు, అందుచేత ఇప్పుడే తొందర లేదు. డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టులు మాత్రం ఒక ఫైలులో భద్రంగా పెట్టు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది, కాబట్టి కావలి చిరునామా ఉందని భయపడనక్కరలేదు. అయితే తమిళనాడు ప్రభుత్వం సొంతంగా ఇచ్చే సాయాలకు ఇక్కడి నివాస ఆధారం అడుగుతారు, రేషన్ కార్డు అక్కడే ఉంచుకుని ఇక్కడివి కూడా ఆశిస్తే కుదరదు. నలభై శాతం వస్తే, ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకున్న పక్షంలో, తల్లి పోషణ నిమిత్తం అబ్బాయికి 75,000 రూపాయల తగ్గింపు, ఎనభై శాతం దాటితే 1,25,000 దొరుకుతుంది.

ఎక్కడికి వెళ్ళాలంటావా? కె.కె. నగర్‌లోని ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉన్నది. తూర్పు తీర రహదారిలో ముట్టుకాడు దగ్గర 2005లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ, బహుళ వైకల్యాల కోసం పెట్టినది, వేళచ్చేరి నుంచి కారులో వెళ్ళిరావచ్చు. మీ ఇంటి పక్కనే ఉన్న ఐఐటీ మద్రాసులో తయారైన నియోఫ్లై వీల్‌చైర్ గురించి అబ్బాయి అడిగాడట. అది మనిషి కొలతలకు తగ్గట్టు చేసే మంచి వీల్‌చైర్, కాని రెండు చేతులూ బలంగా ఉండి రోజూ బయట తిరిగేవారికి ఉద్దేశించినది. అత్తగారికి దాని మీద డబ్బు పెట్టవద్దు.

చివరికి ఏది కొన్నా, దుకాణంలో మొదటి ప్రశ్న ధర గురించి కాకుండా, ముందువైపు చక్రం విరిగితే ఎన్నాళ్ళకు దొరుకుతుంది, బ్రేకు ఎవరు బిగిస్తారు అని అడుగు. జవాబు నీళ్ళు నమిలినట్టుంటే బయటికి వచ్చేయి. బాత్రూమ్ ఖాళీ, గుమ్మం మెట్ల ఎత్తు, అత్తగారి తుంటి వెడల్పు, తొడ పొడవు, మోకాలి మడత నుంచి పాదం దాకా ఎత్తు, ఈ అయిదూ అంగుళాలలో రాసి పంపు. శనివారం నాడు నేను వస్తాను, అద్దె దుకాణానికి ఇద్దరం కలిసి వెళదాం. అత్తగారిని కూడా ఆటోలో తీసుకువెళ్ళగలిగితే మరీ మంచిది, కుర్చీలో కూర్చునేది ఆమె గదా.

ఇట్లు,
మీ పెదనాన్న