ఈఎంఐ ఆపకండి, జాబ్ కార్డు వదలకండి

"లోన్ మీద కొన్న కొత్త కారు ఆరు నెలలు తిరక్కుండానే మాటిమాటికీ షెడ్డుకెళ్తోంది. ఈఎంఐ ఆపేసి, కారు తీసుకెళ్లి బ్యాంకు వాళ్లకే అప్పజెప్పొచ్చా?" అని విశాఖ నుంచి ఒకరు అడిగారు.

ఆపొద్దు. అప్పజెప్పొద్దు కూడా. గాజువాకలో ఉండే మా బావమరిది సరిగ్గా ఈ పనే చేశాడు. "బండి బాగుచేయిస్తేనే కడతాను" అని బ్యాంకుకి ఓ ఉత్తరం రాసి పడేసి, ఖాతా ఖాళీ చేసి కూర్చున్నాడు. బౌన్స్ ఛార్జీలు పడ్డాయి. సిబిల్ స్కోరు పడిపోయింది. తర్వాత ఇంటి లోన్‌కి వెళ్తే కుదరదని మొహం మీదే చెప్పేశారు. రికవరీ కుర్రాళ్లు పొద్దున్న ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. రౌడీల్ని పెట్టి బండ్లు లాక్కోవద్దని సుప్రీంకోర్టు 2007లోనే మొట్టికాయ వేసింది. అవన్నీ మావాడు ఫోన్లో గట్టిగానే అప్పజెప్పాడు. బాకీ మాత్రం బాకీగానే ఉంది. ఇంత జరిగినా షోరూం వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. ఎందుకుంటుంది? వాడి డబ్బు డెలివరీ నాటికే వాడికి చేరిపోయింది.

ఈ గందరగోళమంతా నెట్‌లో చదివిన చదువు వల్ల. ముప్పై రోజుల్లో కారు తిరిగిచ్చేయొచ్చు, ఫైనాన్స్ కంపెనీయే బాధ్యత వహించాలి అని కనబడేవి బ్రిటన్ రూల్స్. అక్కడ 2015 నాటి వినియోగదారుల చట్టం ఉంది. హైర్ పర్చేజ్‌లో కొంటే అప్పు తీరేదాకా కారు ఫైనాన్స్ కంపెనీదే కాబట్టి, లోపం వస్తే వాళ్లనే పట్టుకుంటారు. మన దగ్గర మామూలుగా తీసుకునే కారు లోన్‌లో కారు మీదే, అప్పూ మీదే. ఆర్సీలో హైపోథికేషన్, అంటే తాకట్టు అని బ్యాంకు పేరు పడుతుందంతే. కారు అమ్మింది బ్యాంకు కాదు, గేరుబాక్సు సంగతి వాళ్లకి అక్కర్లేదు. మీరు పట్టుకోవాల్సింది డీలర్‌ని, తయారీ కంపెనీని. పట్టుకోవడానికి చేతిలో ఉండాల్సింది జాబ్ కార్డు, అంటే బండి షెడ్డులో పెట్టినప్పుడు మన ఫిర్యాదు రాసి ఇచ్చే కాగితం.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, నాకూ ఇదే అనుభవం. నా కారు ఏఎంటీ, గేర్లు దానంతటదే మార్చుకునే రకం. క్లచ్ పెడల్ ఉండదు, క్లచ్ పనీ గేర్ల పనీ ఓ యాక్చుయేటర్ చూసుకుంటుంది. సంపత్ వినాయకుడి గుడి ముందు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకున్న బండి. కొత్త మోజు తీరకముందే ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి పోవడం మొదలైంది. షెడ్డులో పెడితే "అంతా చెక్ చేశాం సార్, ఏ ప్రాబ్లమూ లేదు" అని కడిగి, తుడిచి ఇచ్చేవారు. జాబ్ కార్డు మీద చూస్తే "జనరల్ చెకప్" అని ఉండేది. మన కారు ఎత్తు మీద వెనక్కి జారిందనీ, పిల్లలు భయపడ్డారనీ అందులో ఎక్కడా ఉండదు. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఆ కాగితం పెడితే మనం కారు కడిగించుకోవడానికి వెళ్లామనుకుంటారు. అందుకే ఆ తర్వాతిసారి మా ఫిర్యాదు సిస్టమ్‌లో ఎక్కించేటప్పుడే పేచీ పెట్టుకున్నాను. ఆ ఆప్షన్ లేదు సార్ అన్నాడు అడ్వైజర్ కుర్రాడు. అయితే పెన్నుతో రాయమన్నాను. "ఎత్తు మీద గేరు న్యూట్రల్‌లోకి పోతోంది, బండి వెనక్కి జారుతోంది" అని రాయించి, తేదీ, కిలోమీటర్ల రీడింగు వేయించి, స్టాంపు కొట్టించుకున్నాను.

అయినా "మా దగ్గర రావట్లేదు సార్" అనే పాటే. ఎక్కడ వస్తుంది? వాళ్లు నడిపి చూసేది నేషనల్ హైవే మీద, బల్లపరుపు రోడ్డులో. ఇలా కాదని వర్క్స్ మేనేజర్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని సింహాచలం కొండకి బయల్దేరదీశాను. వెనక సీట్లో మా ఆవిడ, చేతిలో ఫోన్, వీడియో ఆన్. టోల్‌గేట్ దాటి కాస్త పైకి వెళ్లేదాకా బండి బుద్ధిగానే ఉంది. ఆయన ఏసీ కూలింగ్ బాగుంది కదా సార్ అని కబుర్లు కూడా మొదలెట్టాడు. మలుపులో ఎత్తు అందుకోగానే డాష్‌బోర్డు మీద న్యూట్రల్ గుర్తు 'ఎన్' అక్షరం టపటపా కొట్టుకుంది. ఇంజిన్ రయ్యిమంది, కారు మాత్రం వెనక్కి జారింది. వెనకాల ఆర్టీసీ బస్సు. బ్రేకు తొక్కి హ్యాండ్‌బ్రేక్ లాగేసరికి కండక్టర్ తల బయటపెట్టి, "ఏటి బాబూ, కారు ఎనక్కొచ్చెస్తంది!" అని ఒకటే కేక. మేనేజర్ రెండు చేతులూ డోర్ పైన హ్యాండిల్ మీదున్నాయి. ఆ స్థితిలో కూడా ఆయన అడిగిందేమిటో తెలుసా? "సార్, యాక్సిలరేటర్ మీరు ఎలా తొక్కారు?"

"ఆయన తొక్కింది తర్వాత చూద్దురు గానీ, ముందు ఆ 'ఎన్' చూడండి" అంది మా ఆవిడ.

సరే మీరే నడపండి అని సీటు మారాను. పై మలుపులో ఆయన చేతిలో కూడా అదే తంతు. ఇక మాట్లాడలేదు. కొండ మీద దర్శనం చేసుకుని ప్రసాదం తిన్నాడు, ఆ టికెట్టు కూడా నేనే కొన్నాను. కిందికి వచ్చాక జాబ్ కార్డు మీద "రోడ్ టెస్టులో లోపం గమనించబడింది" అని రాసి సంతకం పెట్టాడు. నా పంతం నెగ్గింది ఆ ఒక్క వాక్యంతో. ఆ కాగితం, వీడియో సంగతి పెట్టి డీలర్‌కీ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, బ్యాంకుకి ఓ కాపీ పడేశాను. అంతకుముందు ఫోన్ ఎత్తని కంపెనీ వాళ్లు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు. యాక్చుయేటర్ యూనిట్ మొత్తం వారంటీలో మార్చి, పొడిగించిన వారంటీ ఉచితంగా ఇస్తామని మెయిల్‌లో రాసిచ్చారు. కారు షెడ్డులో ఉన్న రోజుల వడ్డీ సంగతేంటంటే నవ్వి ఊరుకున్నారు. అది నాకు ఇప్పటికీ మంటే.

నోటీసుకి దిగిరాకపోతే 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కారుకి కట్టిన ధర 50 లక్షల లోపైతే అక్కడే వేయాలి. కంపెనీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరు ఉండే విశాఖలోనే వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. పది నుంచి ఇరవై లక్షల కారుకి ఫీజు 400 రూపాయలు. షోరూంలో నంబర్ ప్లేటుకి వేసిన ఫ్రేము దానికంటే ఎక్కువ పడుతుంది! అవతలి వాళ్లు జవాబివ్వడానికి గడువు 30 రోజులు, ఇంకా కావాలంటే మరో 15, అంతే. ముందుగా 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించినా కొందరు దారికొస్తారు. టాక్సీ ప్లేటు కదా, మనకి వర్తించదేమో అని డ్రైవర్లు వెనకాడతారు. సొంతంగా నడుపుకుని బతికే వాళ్లకి ఈ చట్టం వర్తిస్తుంది.

కొత్త కారే కావాలి, లేదా మొత్తం డబ్బు వాపసు కావాలి అని మాత్రం మొండికేయకండి. వారంటీలో పాడైన భాగం మారుస్తామని రాసి ఉంటే బండి మొత్తం మార్చమనడం కుదరదని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తయారీ లోపమే అని తేల్చడానికి నిపుణుడి రిపోర్టు అడుగుతారు. వాపసు దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే బ్యాంకుని కూడా కేసులో పార్టీగా చేర్చండి. డబ్బు వచ్చినా ముందు లోన్ తీరాలి, ఆర్సీలోంచి వాళ్ల పేరు పోవాలి. అన్నిటికంటే ముఖ్యం, కేసు వేయడానికి గడువు రెండేళ్లే. "ఈసారి చూద్దాం సార్" అంటూ షెడ్డు చుట్టూ తిప్పేది ఆ రెండేళ్లు గడిపేయడానికేనని నా గట్టి నమ్మకం.

ఇంకో జబ్బు ఉంది వీళ్లకి. సర్వీస్ అయ్యాక "కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, పదికి పది ఇవ్వండి సార్, లేకపోతే నా ఇన్సెంటివ్ పోతుంది" అని కుర్రాడు బతిమాలతాడు. పాపం అనిపిస్తుంది. ఇవ్వకండి. పని పూర్తి సంతృప్తిగా ఉందన్న కాగితం మీద సంతకమూ పెట్టకండి. మీరు ఇచ్చిన ఆ పది మార్కులే రేపు వాళ్ల లాయర్ చేతిలో ఉంటాయి. కొనేటప్పుడు ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలని అంటగట్టేదీ, హ్యాండ్లింగ్ ఛార్జీలని వేలు గుంజేదీ ఈ షోరూములే. ఇన్సూరెన్స్ ఎక్కడైనా తీసుకోవచ్చు, వాళ్ల కౌంటర్లోనే కొనాలని ఏ రూలూ లేదు.

మీ కారు ఇంకా వారంటీలోనే ఉందంటున్నారు కాబట్టి, రేపే వెళ్లి ఇప్పటిదాకా అయిన సర్వీసుల హిస్టరీ మొత్తం ప్రింట్ తీయమనండి. ప్రతి జాబ్ కార్డు కాపీ అడగండి. ఇవ్వం అని వాళ్లంటే అక్కడ గొడవపడకుండా ఇంటికొచ్చి మెయిల్ పెట్టండి. వాళ్లు ఇవ్వలేదన్నదానికి ఆ మెయిలే రుజువవుతుంది.