మాయకూ ఖర్చు రాసిపెట్టుకో

కావలి

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన ఉత్తరమూ, దానితో పాటు నవల మొదటి నలభై పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి, ఏడాదికి రెండేసి చొప్పున జానపద నవలలూ సైన్స్ ఫిక్షన్ నవలలూ రాయాలనుకుంటున్నాననీ, నా అభిప్రాయం దాచకుండా చెప్పమనీ అడిగావు. విరివిగా రాయాలన్న కోరిక మంచిదే కానీ, రాజీనామా మాత్రం ఇప్పుడు వద్దు.

ముప్పై ఒక్క సంవత్సరాలు శాఖా గ్రంథాలయంలో పనిచేసినదాన్ని కాబట్టి, ఈ తరహా రచయితల్లో నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆండ్రే నార్టన్. 1912లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టిన ఆమె, అక్కడి గ్రంథాలయంలోనే పిల్లల విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేసింది. మొదటి నవల 1934లో అచ్చయింది; రచననే పూర్తి వృత్తిగా చేసుకున్నది మాత్రం 1958లో. ఈ రెండింటి మధ్య ఇరవై నాలుగేళ్ళున్నాయని గమనించు. ఆ కాలంలోనే సొంతంగా పుస్తకాల దుకాణం పెట్టి నష్టపోయింది, ఒక ప్రచురణ సంస్థకు వచ్చే రాతప్రతులు చదివిపెట్టే పనీ చేసింది. 2005లో కన్నుమూసేనాటికి వందకు పైగా పుస్తకాలు ఆమె పేరున ఉన్నాయి. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం 1984లో ఆమెకు గ్రాండ్ మాస్టర్ గౌరవం ఇచ్చింది. అది అందుకున్న తొలి మహిళ ఆమే. వంద అన్న అంకె చూసి మనం ఆశ్చర్యపోతాం కానీ, దాని వెనుక డెబ్భై ఏళ్ళున్నాయి, అందులో మొదటి మూడోవంతు జీతం మీద బతుకుతూ గడిపినది.

నా సంగతీ అంతే. మన శాఖా గ్రంథాలయాలు ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకూ, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకూ తెరుస్తారు కదా, ఆ మధ్యాహ్నపు ఖాళీయే నా రచనా జీవితమంతా. వంటా, పిల్లలూ, మీ పెదనాన్న మందులూ పోగా అందులో నాకు మిగిలేది గంటన్నర. నీకు అదీ దొరకడం లేదని రాశావు. ఆ మాట నేను నమ్మను, ఎందుకంటే ఫోను చూడడానికి ఎంతసేపు పోతుందో ఆ ఉత్తరంలో నువ్వే మరోచోట రాశావు.

నార్టన్ జీవితంలో నాకు మరీ నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. ఆమె మొట్టమొదట రాసిన నవల బడిలో చదువుకునే రోజులది. అది 1938లో, రెండో పుస్తకంగా బయటికి వచ్చింది. తొలి కాన్పు ప్రతిని వెంటనే ఊరి మీదికి తోలకుండా కొంతకాలం చీకట్లో ఉంచడం అందరికీ చేతకాదు. కొండపి దగ్గర మీ నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. పచ్చి ఆకును లోపల వేలాడదీశాక మొదట తక్కువ వేడి మీద పసుపు రంగుకు తిరగనిస్తారు, ఆ తరువాతే మంట పెంచి ఆరబెడతారు, ఈనె ఆరడం చివరి పని. తొందరపడి ముందే మంట పెంచితే పచ్చదనం ఆకులోనే బిగుసుకుపోతుంది, వేలం కేంద్రంలో ఆ బేలు ముందు కొనేవాడు మొహం చిట్లిస్తాడు. నీ నలభై పేజీల్లో నాకు ఆ పచ్చదనమే కనబడింది. నవల పూర్తిచేసి, కనీసం నాలుగు నెలలు బీరువాలో పెట్టి, అంతలో రెండోది మొదలుపెట్టు. విరివిగా రాసేవాళ్ళకు ఉన్న వీలు ఇదే: ఒకటి ఆరుతుండగా ఇంకొకటి అల్లుకోవచ్చు.

ఇక అసలు లోపానికి వస్తాను. మూడో పేజీలో నీ మంత్రగత్తె వేలు పైకెత్తి వాన కురిపించింది. ఇరవై ఏడో పేజీలో అదే ఊళ్ళో చెరువు ఎండి, పశువులు చచ్చిపోతుంటే ఆమె గడప మీద కూర్చుని ఏడుస్తోంది. వేలు ఎందుకు ఎత్తలేదు? నీకు కథలో కరువు కావలసి వచ్చింది కాబట్టి ఎత్తలేదు, అంతకు మించి కారణం ఆ పేజీల్లో లేదు. వాన కురిపించిన ప్రతిసారీ ఆమె జ్ఞాపకాల్లో ఒకటి చెరిగిపోతుందని మూడో పేజీలోనే చెప్పి ఉంటే, ఇరవై ఏడో పేజీలో ఆ ఏడుపుకు అర్థం ఉండేది. ఇక మిగిలినది కన్నతల్లి ముఖం ఒక్కటే అయితే పాఠకుడూ ఆమెతో పాటు గడప మీద కూర్చునేవాడు. మాయకు ఖర్చు లేకపోతే కథకు బరువు రాదు, ఆ ఖర్చు ఎంతో రచయిత ముందే రాసిపెట్టుకోవాలి.

ఇది నేను అవమానపడి నేర్చుకున్న పాఠం. ఒక వారపత్రికలో నా జానపద సీరియల్ వస్తున్న రోజుల్లో, ఏడోవారం యుద్ధంలో నా వీరుడి ఎడమ చెయ్యి తెగిపోయింది. పంతొమ్మిదో వారంలో వాడు రెండు చేతులా విల్లు ఎక్కుపెట్టి రాక్షసుణ్ణి చంపాడు. నేను గమనించలేదు, పత్రికవాళ్ళూ గమనించలేదు. కనిగిరి నుంచి ఒక పాఠకురాలు కార్డు రాసింది: “అమ్మా, మీ వీరుడికి చెయ్యి మళ్ళీ మొలిచినందుకు చాలా సంతోషం. ఏ వైద్యుడి దగ్గరకు వెళ్ళాడో తెలియజేస్తే మా అన్నయ్యను కూడా పంపుతాము.” ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మర్నాడే గ్రంథాలయంలో పారేయడానికి తీసిపెట్టిన పాత కేటలాగు కార్డులను అడిగి తెచ్చుకుని, వాటి వెనుక వైపు మనిషికొక కార్డు, ఊరికొక కార్డు, మంత్రానికొక కార్డు చొప్పున రాయడం మొదలుపెట్టాను. మొదట ఏ పేజీలో కనబడింది, ఏం చేయగలదు, చేస్తే ఏం పోతుంది, దేహంలో ఏ లోపం ఉంది, ఎవరికి ఎంత బాకీ ఉంది అన్నవి ఒక్కో కార్డు మీద ఐదారు వరుసలు. ఇలాంటి కార్డుల పెట్టె ఉన్నవాళ్ళకు రెండో నవల మొదటిదాని కంటే సులువు, ఎందుకంటే సగం లోకం అప్పటికే కట్టి ఉంటుంది. నార్టన్ 1963లో మొదలుపెట్టిన మంత్రలోకానికి దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ తిరిగి వెళ్ళింది.

సైన్స్ కథకు ఈ నియమం ఇంకా కఠినం. నువ్వు అనుకుంటున్న సైన్స్ కథ గురించి ఉత్తరంలో “అంతరిక్షనౌకలో సాంకేతిక లోపం ఏర్పడింది” అని రాసి వదిలేశావు. ఏ లోపం? శ్రీహరికోట మొన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడి నుంచి 1979 ఆగస్టు 10న ఎగిరిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోవడానికి కారణం, రెండో అంచెను అదుపుచేసే వ్యవస్థలో ఒక కవాటం సరిగా మూసుకోక ఆమ్లం కారిపోవడం. మరుసటి ఏడాది జులై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఏళ్ళ తరబడి ఎందరో పడిన శ్రమ ఒక చిన్న కవాటం దగ్గర ఆగింది చూడు, కథ అక్కడ ఉంది. నువ్వు కూడా నీ నౌకలో ఏ మర చెడిందో తెలుసుకుని రాయి.

మగపేరు పెట్టుకోమంటారా అని అడిగావు. ఆలిస్ మేరీ అన్న తన పేరును నార్టన్ 1934లో చట్టప్రకారమే ఆండ్రే ఆలిస్‌గా మార్చుకుంది, ఆ కథలు చదివేది మగపిల్లలన్న లెక్కతో. మన దగ్గర డెబ్భైలలో దీనికి తలకిందులుగా జరిగింది. రచయిత్రుల నవలలకున్న గిరాకీ చూసి మగవాళ్ళే ఆడపేర్లు తగిలించుకున్నారు. నీ పేరుతోనే రాయి.

రాత ఆగిపోయిన రోజు ఏం చేయాలన్నదానికి మన నెల్లూరు తిక్కన గురించి చెప్పుకునే కథ ఉంది. భారతం చెబుతూ చెబుతూ మాట తోచక, రాస్తున్న గురునాథుడితో “ఏమి చెప్పుదుం గురునాథా” అన్నాడనీ, సంధిలో ‘క’ ‘గ’గా మారుతుంది కాబట్టి అదే ధృతరాష్ట్రుణ్ణి కురునాథా అని పిలిచినట్టు పద్యంలో ఒదిగిపోయిందనీ అంటారు. నిజమో కాదో కానీ, నాకు తోచని రోజున పాత్రకు కూడా తోచనట్టు రాసేదాన్ని. చాలాసార్లు అదే మంచి ఘట్టం అయింది.

డబ్బు విషయం ఒక్కటి చెప్పి ముగిస్తాను. మొదటి మూడు నవలలకూ కలిపి ఒకేసారి ఇంత అని తీసుకుని, చదవకుండా సంతకం పెట్టాను. తరువాత అవి ఎన్నిసార్లు అచ్చయినా నాకు రూపాయి రాలేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఒప్పందంలో గడువు రాయకపోతే హక్కు ఇచ్చినది ఐదేళ్ళకే అని లెక్క. రచయిత పోయాక అరవై ఏళ్ళ దాకా ఆ హక్కు వారసులకు ఉంటుంది. అందుకని గడువు ఎంతో రాయించుకో, ఆడియో, అనువాదం, సినిమా హక్కులు దేనికది విడిగా ఉంచుకో, “సర్వహక్కులూ శాశ్వతంగా” అన్న వాక్యం కనబడితే కలం మూసెయ్యి.

మూడో పేజీ, ఇరవై ఏడో పేజీ తిరగరాసి పంపు, మిగిలినవి అలాగే ఉండనీ. సంక్రాంతికి మీ అమ్మతో పాటు వచ్చినప్పుడు నా పెట్టెలో మిగిలిన ఖాళీ కార్డుల కట్ట తీసుకుపో, రెండు వందలకు తక్కువ ఉండవు.

మీ పెద్దమ్మ