ఎండకు పొంగే గెడ్డ: ఒక యువ రచయితకు లేఖ

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

అమ్మాయికి ఆశీస్సులు.

నీ హిమాలయ యాత్రా వ్యాసం రెండుసార్లు చదివాను. మొహమాటపడకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. మొదటి నాలుగు పేజీలూ తీసెయ్. ఉద్యోగం విసుగెత్తడం, రుషికొండ ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుని కొండల గురించి కలలు కనడం, ఆర్కే బీచ్‌లో ప్లాన్ వేసుకోవడం, అమ్మ టెన్షన్ పడటం, ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం. అన్నీ జరిగినవే, కాదనను. కానీ నాలుగు పేజీలు చదివినా పాఠకుడు ఇంకా వైజాగ్ స్టేషన్‌లోనే ఉన్నాడు.

నీ వ్యాసం నిజంగా మొదలైంది పదకొండో పేజీలో. "బాతల్‌కి ముందు ఒక నాలా దాటడం చాలా కష్టమైంది. చివరికి ఎలాగో దాటాం" అని రాసి, వెంటనే చంద్రతాల్ సరస్సు నీళ్ళ రంగు మీదికి వెళ్ళిపోయావు. నాలా అంటే మన గెడ్డే, కొండవాగు. ఎందుకు కష్టమైంది? అప్పుడు టైమెంత? నీళ్ళు టైరు సగం దాకా వచ్చాయా, బంపర్ దాకానా? కారులోంచి ఎవరు దిగారు, రాళ్ళు ఎవరు సర్దారు, ఆ నీళ్ళలో నిలబడ్డవాడి కాళ్ళు ఎన్ని నిమిషాలకు తిమ్మిరెక్కాయి? ఇవేవీ లేవు. చంద్రతాల్ నీలం మాత్రం అర పేజీ ఉంది. ఆ నీలం ఫోన్‌లో కొడితే ఎవరికైనా కనిపిస్తుంది తల్లీ. నాలా దగ్గర గడిచిన ఆ గంట నీకు తప్ప ఎవరికీ తెలీదు.

హిమాచల్‌లో గ్రాంఫు దగ్గర కాజా వైపు మళ్ళాక రోడ్డు చంద్రా నదిని పట్టుకుని పోతుంది. పైన గ్లేసియర్లు, అంటే మెల్లగా కదిలే మంచునదులు, మంచు పేరుకున్న వాలులు. అక్కడ కరిగిన నీరు రోడ్డుకు అడ్డం పడి నదిలోకి దిగుతుంది. మన పాడేరు వైపు గెడ్డలు వాన పడితే పొంగుతాయి, ఆకాశం చూస్తే తెలిసిపోతుంది. అక్కడివి ఎండకు పొంగుతాయి. రాత్రి చలికి కరగడం తగ్గుతుంది కాబట్టి తెల్లవారుజామున నీరు పలచగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ మంచు కరుగుతుంది, ఆ నీరు కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం దాటాక ప్రవాహం బాగా పెరుగుతుంది. పొద్దున చీలమండ తడిపిన నాలా సాయంత్రానికి చిన్న కారుని తోసెయ్యగలదు. ఆకాశం ఎంత నిర్మలంగా ఉంటే ఆ రోజు నాలా అంత ప్రమాదం. ఈ తిరకాసు మన పాఠకుడికి కొత్త. నీకూ ఆ రోజు కొత్తే అయ్యుంటుంది, కానీ నువ్వు దాన్ని అడిగి తెలుసుకోలేదు.

నీ డ్రైవర్‌కి ఇదంతా తెలుసు. తొమ్మిదో పేజీలో "డ్రైవర్ అన్న ఐదింటికే లేపేశాడు, నిద్ర చాల్లేదు" అని విసుక్కున్నావు చూడు, ఆ ఐదు గంటలు దేనికోసమో అప్పుడే అడిగి ఉంటే రెండు పేజీలు వాటంతటవే నడిచేవి. మనాలిలో టీ, టిఫిన్, ఫోటోలని మీరు చేసిన ఆలస్యానికీ నాలా దగ్గర పడ్డ అవస్థకీ సంబంధం ఉంది. ఆ సంబంధమే కథ. వ్యాసంలో రెండూ ఉన్నాయి, మధ్య ముడి లేదు.

ఇదే నేను నీకు ప్రధానంగా చెప్పాలనుకున్నది. కొండనీ గ్లేసియర్‌నీ నువ్వు గోడకు తగిలించిన పటంలా చూస్తున్నావు. అవి రోజంతా పనిలో ఉంటాయి. కరుగుతాయి, కోస్తాయి, మోస్తాయి, పారేస్తాయి. ఏ గంటకు ఏం చేస్తున్నాయో గమనించి రాస్తే "అద్భుతం" అనే మాట అవసరం పడదు. నీ వ్యాసంలో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మధ్యలో మానేశాను.

లద్దాఖ్‌లో పెన్సి లా కనుమ మీంచి చూసిన ద్రంగ్‌ద్రుంగ్ గ్లేసియర్ సంగతి తీసుకుందాం. "తెల్లని పాలసముద్రం" అన్నావు. నువ్వే పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. మధ్యలో పొడుగునా నల్లటి చారలున్నాయి, కింది కొస బూడిదరంగు. ఆ చారలు రాళ్ళు. రెండు మంచు పాయలు కలిసినప్పుడు వాటి అంచుల్లోని రాళ్ళు మధ్యకు చేరి గీతగా సాగుతాయి. ఆ చారను చూసి మంచు ఎటునుంచి ఎటు కదిలిందో చెప్పొచ్చు. కొస దగ్గర చిన్న సరస్సు కనిపిస్తోంది, దాని గురించి ఒక్క ముక్క లేదు. అక్కణ్ణుంచి బయల్దేరే నీరు స్టోద్ నది. పదుమ్ దగ్గర సారప్‌తో కలిసి జన్స్కార్ అవుతుంది, నిమ్ము దగ్గర సింధులో పడుతుంది. నీ దారిలో పదుమ్‌లో రెండు రాత్రులు పడుకున్నావు, నిమ్ము మీదుగానే లేహ్ వెళ్ళావు. అంటే కొన్ని రోజులపాటు ఒకే నీటి పక్కన ప్రయాణం చేశావు. వ్యాసంలో అది మూడు వేర్వేరు "అందమైన నదులు"గా ఉంది.

కొస దగ్గర సరస్సు ఎందుకు ముఖ్యమంటే, గ్లేసియర్ వెనక్కి తగ్గేకొద్దీ ముందు ఖాళీ అయిన గుంటలో నీరు నిలుస్తుంది. దానికి కట్ట చాలాచోట్ల గ్లేసియర్ తెచ్చి పోసిన రాళ్ళూ మట్టే. 2023 అక్టోబర్‌లో సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు అలాగే తెగి, కింద చుంగ్‌తాంగ్ దగ్గర డ్యామ్‌ని పట్టుకుపోయింది. నువ్వు చూసింది రేపే తెగుతుందని రాయమనడం లేదు. ఉన్నదాన్ని చూసి రాయమంటున్నాను.

గోముఖ్ వెళ్ళినప్పుడు నాతో నడిచిన విజయనగరం పెద్దాయన ఒకరు, గంగోత్రి నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, సరిగ్గా గ్లేసియర్ ఎదురుగా నిలబడి "గ్లేసియర్ ఎక్కడండీ?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. ముప్ఫై కిలోమీటర్ల పొడవున్న ఆ గ్లేసియర్ కింది భాగం మీద రాళ్ళూ మట్టీ కప్పుకుని ఉంటాయి, క్వారీ గుట్ట అనుకోవచ్చు. కొసలో పగిలిన మంచుగోడ, దాని కిందినుంచి బురదరంగు నీరు. ఆయన మొహంలో కనిపించిన నిరాశ నాకు చాలా ఉపయోగపడింది. నీకు ఎక్కడైనా అలాంటి నిరాశ కలిగిందా? కలిగితే దాచకు. ప్రతి మలుపులోనూ పరవశించిపోయే రచయితను పాఠకుడు మూడో పేజీ దాటాక నమ్మడు.

ఇప్పుడు కాస్త కోపంగా ఒక మాట. చంద్రతాల్ క్యాంపులో మీ స్నేహితుడికి రాత్రంతా తలనొప్పి, వాంతులు. నువ్వు దాన్ని జోకుగా రాశావు. మనాలి రెండు వేల మీటర్ల ఎత్తు, చంద్రతాల్ దాదాపు నాలుగు వేల మూడు వందలు. ఒక్క పగట్లో ఎక్కేసి అక్కడే పడుకున్నారు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదన్నది కొండలెక్కేవాళ్ళు పాటించే లెక్క. గాలిలో ఆక్సిజన్ శాతం పైనా కిందా ఒకటే, తగ్గేది పీడనం. 5,500 మీటర్ల దగ్గర అది మన బీచ్‌లో ఉన్నదాంట్లో సగం. మనం పుట్టి పెరిగింది అలల పక్కన, మన ఒంటికి ఆ సంగతి అలవాటు కావడానికి రోజులు పడుతుంది. ప్రవరుడు కాళ్ళకు లేపనం రాసుకుని చిటికెలో హిమాలయం చేరి, మంచుకు ఆ లేపనం కరిగిపోయాక ఏమయ్యాడో మనకు తెలుసు. ఇప్పుడు ఆ లేపనం ఫ్లైట్ టికెట్ రూపంలో దొరుకుతోంది. రాత్రి వైజాగ్‌లో భోంచేసి మర్నాడు పొద్దున 3,500 మీటర్ల లేహ్‌లో దిగి, మధ్యాహ్నానికే ఖర్దూంగ్ లా వెళ్ళాలనుకునేవాళ్ళున్నారు. నీ వ్యాసం చదివి బయల్దేరేది వాళ్ళే. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తాగినవాడిలా నడక తూలుతున్నా వెంటనే కిందికి దిగాలి, తెల్లారేదాకా ఆగకూడదు. దీన్ని వ్యాసంలో సలహాగా పెట్టకు, ఆ రాత్రి కథగానే చెప్పు. ఎవరు మేలుకున్నారు, టెంట్ బయట చలి ఎంత, దిగిపోదామా వద్దా అని మీలో మీరు ఏం వాదించుకున్నారు. జోకు తీసేస్తే అదే నీ వ్యాసంలో మంచి అధ్యాయం.

ఎత్తుల అంకెలు రాసేటప్పుడు రోడ్డు పక్క బోర్డుల్ని నమ్మకు. ఖర్దూంగ్ లా మీద ఏళ్ళ తరబడి 18,380 అడుగులని రాసి ఉండేది. కొలిస్తే 17,582 వచ్చింది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు రోడ్డు అన్న పేరు కూడా 2021లో 19,024 అడుగుల ఉమ్లింగ్ లాకి పోయింది.

బోర్డులంటే గుర్తొచ్చింది. సరిహద్దు రోడ్ల సంస్థ పెట్టిన పసుపు బోర్డుల మీద ప్రాసల హెచ్చరికలు పది ఫోటోలు పంపావు. ఆ బోర్డుల పక్కనే రాళ్ళు కొడుతూ, తారు మరిగిస్తూ ఉన్న మనుషులు ఒక్క ఫోటోలోనూ లేరు. మొహానికి గుడ్డ కట్టుకుని ఉంటారు, గుర్తుపట్టలేం. చాలామంది జార్ఖండ్‌లో దుమ్కా ప్రాంతంనుంచి వస్తారు. వాళ్ళూ మనలాగే పల్లపు ప్రాంతాలవాళ్ళు, మంచుకి పుట్టినవాళ్ళు కాదు. వేసవి వస్తే ఎక్కుతారు, చలి ముదిరేలోగా దిగుతారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఊళ్ళకు ఊళ్ళు పనికి తరలిపోవడం చూస్తూ పెరిగిన ప్రాంతం మనది. వలస కూలీని చూడగానే గుర్తుపట్టే కన్ను నీకుంది. పర్వతం ఎదురయ్యేసరికి ఆ కన్ను ఎందుకు మూసుకుపోయిందో నాకర్థం కాలేదు. 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కే పని తప్పింది, తొమ్మిది కిలోమీటర్లు పది పదిహేను నిమిషాల్లో అయిపోయింది. నువ్వు ఆ పది నిమిషాలు పాటలు విన్నామని రాశావు. సరే, అది ఉంచు, బాగుంది. కానీ సొరంగం రాకముందు శీతాకాలంలో లాహౌల్ ఊళ్ళకు రోడ్డు నెలల తరబడి మూసుకుపోయేదని కేలాంగ్‌లో మీకు టీ పోసినామెను అడిగి ఉంటే, పాటల వాక్యం పక్కన పెట్టడానికి ఇంకో వాక్యం దొరికేది.

చంద్రా నదికి అవతలి ఒడ్డున ఛోటా శిగ్రి గ్లేసియర్ ఉంది, బాతల్ దారిలోనే. 2002 నుంచీ శాస్త్రవేత్తలు అక్కడ మంచులో వెదురు గెడలు దింపి ఏటా ఎంత కరిగిందో కొలుస్తున్నారు. నీకు కనపడలేదంటే అర్థం చేసుకోగలను, అప్పుడు నీ చూపంతా నాలా మీదే ఉండి ఉంటుంది. తిరిగొచ్చాక చదివి తెలుసుకున్నది కూడా యాత్రలో భాగమే. నేను సగం యాత్రలు పబ్లిక్ లైబ్రరీలోనే పూర్తి చేశాను.

ఇంకొకటి. వైజాగ్ నీ వ్యాసంలో మొదటి నాలుగు పేజీల్లో మాత్రమే ఉంది, అవి నేను కొట్టేయమన్నాను. అయితే వైజాగ్ లోపలికి రావాలి, సరైన చోట. స్పితి లోయలో లాంగ్జా ఊళ్ళో పిల్లలు అమ్మజూపిన రాతి నత్తల గురించి రాశావు చూడు, అక్కడ. అవి ఒకప్పుడు అక్కడ ఉన్న టెథిస్ సముద్రంలో బతికిన అమ్మోనైట్లనే గుల్లజీవులు. భారత ఫలకం వెళ్ళి ఆసియాను గుద్దుకున్నప్పుడు ఆ సముద్రపు అడుగే మడతలు పడి పైకి లేచింది. మన ఇళ్ళలో పూజగదిలో పెట్టుకునే గండకీ సాలగ్రామాలు కూడా ఈ జాతివే. సముద్రపు ఒడ్డునుంచి రెండువేల కిలోమీటర్లకు పైగా వెళ్ళి సముద్రపు జీవిని చేతిలో పట్టుకున్న వైజాగ్ అమ్మాయికి ఏమనిపించిందో ఢిల్లీ రచయిత రాయలేడు. కొనకుండా వచ్చావని రాశావు, మంచి పని చేశావు.

అలాగే మన భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట ఉత్తరాన ఖండాలకు ఖండాలు మంచుపలకల కింద ఉన్నప్పుడు, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువ. ఒడ్డు చాలా దూరం వెనక్కి జరిగింది. బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి పోసింది, దాంట్లో ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. దిబ్బలు పెరగడంలో ఆ కాలానికి వాటా ఉందని భూవిజ్ఞానులు చెప్తారు. అంటే మనం పిక్నిక్‌కి వెళ్ళే చోటికీ మంచుకీ చుట్టరికం ఉంది. హిమాలయపు మంచు వాటా అందులో చిన్నది, ఆ తేడా చెప్పకుండా లాగకు. పెన్సి లా దగ్గర ఈ సంగతి ఒక పేరా వస్తే చాలు. అంతకు మించితే పాఠం అవుతుంది.

ఖర్చులు, పర్మిట్లు, లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయకపోవడం, పెట్రోలు ఎక్కడ నింపారు, ఇవన్నీ చివర్లో ఒక చిన్న పెట్టెలో వెయ్యి. ఏ నెల, ఏ సంవత్సరమో తప్పకుండా రాయి. షింకు లా రోడ్డు ఇప్పుడున్నట్టు వచ్చే ఏడాది ఉండదు.

పేజీల సంగతి పట్టించుకోకు, ముప్ఫై రెండు పదహారైనా నష్టం లేదు. డ్రైవర్ నంబరు నీ దగ్గర ఉండే ఉంటుంది, ఫోన్ చేసి మాట్లాడి అప్పుడు మొదలుపెట్టు. రెండో ప్రతి ప్రింట్ తీసి పంపు, ఫోన్‌లో చదివితే నా కళ్ళు లాగుతున్నాయి. మార్జిన్ వెడల్పుగా వదులు. శీర్షిక ఆఖరున చూద్దాం. అందులో "ఒడి" అనే మాట మాత్రం వద్దు.

ఇట్లు,
మీ మాస్టారు