‘అంగీకరించు’ అంటున్నది ఎవరు?

సందేహం: ఏ వెబ్‌సైట్ తెరిచినా కుకీలకు, అంటే మన వివరాలు గుర్తుపెట్టుకోవడానికి సైటు మన ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాచే చిన్న ఫైళ్ళకు, ఒప్పుకొమ్మని ఒక పెట్టె అడ్డం పడుతోంది. తెలుగులో ఉన్నప్పుడు బటన్ మీద ఒకచోట ‘అంగీకరించు’, ఇంకోచోట ‘అంగీకరించండి’ అని కనిపిస్తోంది. ఏది ఒప్పు? ఏదీ నొక్కకుండా వదిలేస్తే మౌనం అర్థాంగీకారం అవుతుందా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే, ఆ చోటుకు మాత్రం రెండూ నప్పవు. బటన్ మీది మాట నొక్కేవాళ్ళ నోటి మాట. ‘అంగీకరించండి’ అంటే సైటువాళ్ళు మనల్ని బతిమాలినట్టు. ‘అంగీకరించు’ మరీ విడ్డూరం. పైన ‘మీ గోప్యత మాకు ముఖ్యం’ అని మర్యాద చూపి, కింద ఏకవచనంలో గద్దించడమే! అది ధాతురూపం (క్రియ మూలరూపం), ఆజ్ఞ కాదని కొందరు సమర్థిస్తారు. నిజమే, ‘ఇంచు’తో ముగిసే క్రియలకు ధాతువూ, ‘నువ్వు’కు చెప్పే విధిరూపమూ ఒకటే. అయితే చదివేవాడికి వినిపించేది ఆజ్ఞే. ‘మరింత తెలుసుకోండి’ అన్నచోట ‘అండి’ సరిగ్గా ఉంది, ఎందుకంటే అక్కడ మాట్లాడేది సైటు. ఒప్పుకునేచోట ‘అంగీకరిస్తున్నాను’ ఉండాలి. ఫోన్ తెరలో పట్టదంటారా, ‘సరే’ చాలు.

ఇక మౌనం సంగతి. ‘అర్థాంగీకారం’ కాదు, ‘అర్ధాంగీకారం’. అర్ధమంటే సగం, అర్థమంటే భావం. ఈ పొరపాటు పత్రికల్లోనూ తరచు కనిపిస్తుంది. ఐరోపాలో ఆ సగం కూడా చెల్లదు. జర్మనీలో ఒక లాటరీ సైటు కుకీల గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచితే, అది సమ్మతి కాదని 2019లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి నాలుగైదు నొక్కులు పెట్టడమూ అక్కడ కుదరదు. అందుకే ఫ్రాన్స్ గోప్యతా సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోల జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది.

మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి అడిగే మాటలు స్పష్టంగా ఉండాలి. వాటిని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గాని చదువుకునే వీలు ఉండాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. కాబట్టి ఈ బటన్లు రాసేవాళ్ళకు ఒక మనవి: ‘తిరస్కరించు’ వద్దు. ‘వద్దు’ అనే రాయండి, అదీ ‘సరే’ పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో.