నీ ఉత్తరంలో ఏడు ‘సూపర్’లు

అమ్ములూ,

నువ్వు పంపిన ఉత్తరం రెండుసార్లు చదివాను. “పెద్దమ్మా, నాకిష్టమైన ఆ లైవ్ షో యాంకర్‌కి పంపేముందు ఒకసారి చూసిపెట్టవా, నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నదానివి కదా” అన్నావు. కూర్చున్నాను, 27 ఏళ్లు. ముందు రేడియోలో రాత్రిపూట ఫోన్-ఇన్, తర్వాత టీవీలో. లైవ్ షో చేసే మనిషికి ఏ ఉత్తరం ఎక్కడ తగులుతుందో నాకు బాగానే తెలుసు. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను. అలగకు.

ముందు లెక్క చెప్తా. నీ ఉత్తరంలో “సూపర్” ఏడుసార్లు ఉంది. “నెక్స్ట్ లెవెల్” రెండుసార్లు. ఆ తర్వాత ఒకటిన్నర పేజీ ఫిర్యాదు. ఆఖర్న “ప్లీజ్, రిప్లై ఇవ్వండి” అని మూడుసార్లు. వీటి మధ్యలో ఇరుక్కుని మూడో పేరా ఒకటుంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

“సూపర్” అంటే ఉత్తరంలో కొట్టే చప్పట్లు. హాల్లో చప్పట్లు పడితే ఏ మాటకి పడ్డాయో మాట్లాడేవాళ్లకి అప్పుడే తెలుస్తుంది. మర్నాడు ఉత్తరంలో పడితే దేనికో తెలీదు. చదివినప్పుడు హాయిగానే ఉంటుంది, అబద్ధమెందుకు. కానీ ఆ హాయిని పట్టుకుని మరుసటి షోలో ఏం చెయ్యాలో తెలీదు.

అసలు స్టూడియోలో ఆవిడ ఎలా ఉంటుందో చెప్తే నీకు అర్థమవుతుంది. ఎదురుగా కెమెరా, దాని నల్లటి కన్ను. చెవిలో ఇయర్‌పీస్. అందులో ప్రొడ్యూసర్ గొంతు: “రెండో లైన్ తీసుకో… ఇంకో నలభై సెకన్లే… గెస్ట్‌ని ఆపు… బ్రేక్‌కి వెళ్లు, పది, తొమ్మిది, ఎనిమిది…” అదే చెవిలో కాలర్ తన బాధ చెప్పుకుంటూ ఉంటాడు. కళ్లు ఒకసారి గడియారం మీద, ఒకసారి ఏది ఎప్పుడు రావాలో రాసిన రన్‌డౌన్ కాగితం మీద. ఇన్నిటి మధ్య మొహం మీద నవ్వు చెదరకూడదు. చూసేవాళ్లెవరూ ఎదురుగా ఉండరు. తను అన్న మాటకి ఎవరైనా నవ్వారో, ఛానెల్ మార్చేశారో ఆవిడకి తెలిసే దారి లేదు. లక్షమంది చూస్తున్నా ఆ గదిలో ఆవిడ ఒక్కతే.

నా సంగతే ఒకటి చెప్తాను. రేడియోలో ఉండగా ఒక రాత్రి ఒకాయన ఫోన్ చేసి, పాట అడగబోయి, “మా అమ్మకి ఈ పాట ఇష్టం, పోయిన వారం పోయింది” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మూడు నాలుగు సెకన్లు ఊరుకుండిపోయాను. రేడియోలో నాలుగు సెకన్ల మౌనం అంటే చిన్న విషయం కాదు, స్టేషన్ ఆగిపోయిందని వినేవాళ్లు అనుకుంటారు. మేం దాన్ని డెడ్ ఎయిర్ అంటాం. చెవిలో ప్రొడ్యూసర్ అరుస్తూనే ఉన్నాడు. షో అయ్యాక కూడా చీవాట్లు పడ్డాయి. పనికి కొత్త, ఇక తీసేస్తారేమో అనుకున్నాను.

తొమ్మిది రోజులకి ఒక పోస్టుకార్డు వచ్చింది. రాత్రి డ్యూటీ చేసే ఆయనెవరో రాశాడు. “ఆయన వాళ్లమ్మ సంగతి చెప్పగానే మీరు వెంటనే ఏదో ఒకటి అనేస్తారని భయపడ్డాను. మీరు ఏమీ అనలేదు. నేను కూడా చేతిలో పని ఆపేశాను.” అంతే ఉత్తరం. అందులో “బాగుంది” అన్న మాట కూడా లేదు. కానీ తప్పు చేశాననుకున్న చోటే ఒక మనిషికి సరిగ్గా చేరానని ఆ కార్డు చెప్పింది. ఆ తర్వాత 20 ఏళ్లకు పైగా ఎవరైనా ఏడుస్తూ మాట్లాడితే నేను తొందరపడలేదు. ప్రొడ్యూసర్లు మారారు గానీ ఆ అలవాటు మారలేదు.

అభిమాని చెయ్యగలిగిన పని అదే అమ్ములూ. షోలో ఏ రోజు, ఏ క్షణం, నువ్వేం చేస్తుండగా, నీకేమయిందో చెప్పడం. అది నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ప్రొడ్యూసర్‌కి తెలీదు, రేటింగుల కాగితానికీ తెలీదు. ఎంతమంది చూశారన్నదే ఆ కాగితం చెప్తుంది.

ఇక నీ ఫిర్యాదు. “ఆ రోజు ఆ పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో కట్ చేసేశారు, మీకు ఓపిక లేదు, ఈమధ్య మీరు మారిపోయారు” అని రాశావు. ఇందులో నువ్వు చూసింది ఒక్కటే: మాట మధ్యలో ఆగిపోయింది. మిగతా రెండూ నువ్వు ఊహించుకున్నవి. ఆ సమయానికి ఆవిడ చెవిలో “మూడు, రెండు, ఒకటి” అని లెక్క నడుస్తూ ఉండొచ్చు. బ్రేక్ ఎప్పుడు రావాలో, ఏ కాలర్‌ని తీసుకోవాలో, గెస్ట్ ఎవరో చాలాసార్లు యాంకర్ చేతిలో ఉండదు. తన చేతిలో లేనిదానికి తన ఓపికని తప్పుపడితే ఆవిడ ఏం చెయ్యగలదు చెప్పు? అదే, “ఆ పెద్దాయన ఏం చెప్పబోయాడో అని పడుకున్నాక కూడా ఆలోచించాను” అని రాసి చూడు. అది చదివితే, వచ్చే వారం ఆయన్ని మళ్లీ లైన్లోకి పిలుద్దామని ఆవిడే ప్రొడ్యూసర్‌తో పోట్లాడుతుంది. నేనలా పోట్లాడాను కాబట్టి చెప్తున్నాను.

ఇంకోటి. పొగడ్త, మందలింపు, మళ్లీ పొగడ్త అని వరసగా పేర్చమని మీకు ఎవరో నేర్పుతున్నారు. నాకది గిట్టదు. అలాంటి ఉత్తరాలు నాలుగొచ్చాక పొగడ్త మొదలవగానే నా కళ్లు “కానీ” ఎక్కడుందా అని వెతికేవి. ముందున్న నాలుగు మంచి మాటలు వృథా. మెచ్చుకునేది ఉంటే అదొక ఉత్తరం. ఎత్తిచూపేది ఉంటే ఇంకో రోజు ఇంకో ఉత్తరం. అందులోనూ ఒక్క విషయమే, నలుగురిలో కాకుండా ఆవిడకి ఒక్కదానికే.

ఎత్తిచూపడంలోనూ ఒక ప్రమాదం ఉంది. ఒకావిడ, పాపం నా మేలు కోరే, నేను ఒక్క షోలో “అంటే” అన్న మాట 41 సార్లు వాడానని లెక్కపెట్టి రాసింది. మర్నాడు మైకు ముందు కూర్చుని నా “అంటే”లు నేనే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. కాలర్ అడిగిన ప్రశ్న వినలేదు. రెండోసారి అడిగించుకున్నాను, అదీ లైవ్‌లో. ఆ వారమంతా అంత ఘోరంగా ఎప్పుడూ చెయ్యలేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక శిక్షణ తరగతిలో తెలిసింది, ఇది నా ఒక్కదాని బలహీనత కాదని. క్లూగర్, డెనిసి అని ఇద్దరు పరిశోధకులు 1996లో, అప్పటిదాకా ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన అధ్యయనాలు ఎన్నో ఒకచోట పెట్టి చూశారట. సగటున మేలే జరిగింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా పాడైంది. మనసు చేస్తున్న పని మీంచి “నేనెలా ఉన్నాను” అన్నదాని మీదకి మళ్లితే అలా జరుగుతుందని వాళ్లు చెప్పిన కారణం. నా “అంటే”ల కథ అచ్చంగా అదే.

అందుకే గొంతు గురించి, మొహం గురించి, బట్టల గురించి రాయకు. మంచిగా కూడా రాయకు. ఒకసారి ఒక డాక్టరుగారిని కూర్చోబెట్టి గంటసేపు ఎంతో కష్టపడి ప్రశ్నలడిగాను. ఆ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం నేను వేసుకున్న రంగు గురించే. పోనీలే, వాళ్లకి రంగైనా గుర్తుంది.

శబ్దం బాగాలేకపోతే మాత్రం తప్పకుండా చెప్పు. అది మనిషి తప్పు కాదు, యంత్రం తప్పు, చెప్తే బాగుపడుతుంది. అయితే “సౌండ్ సరిగ్గా లేదు” అంటే ఇంజనీరు తల పట్టుకుంటాడు. “తొమ్మిదీ ఇరవైకి, ఫోన్‌లో చూస్తుంటే, కాలర్ గొంతు సన్నగా వచ్చింది, మీ గొంతు బాగానే ఉంది” అను. యాంకర్ మైకు వేరు, ఫోన్ లైన్ వేరు, రెండిటి శబ్దం పెంచి తగ్గించే ఫేడర్లూ వేరు. ఆ ఒక్క ముక్కతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా “టప్ టప్” మని గాలి కొడుతుంటే అది కూడా చెప్పొచ్చు, మైకుని కాస్త పక్కకి జరిపితే చాలు. షో నడుస్తుండగా చెప్పాలని మాత్రం ఆత్రపడకు. ఇంటర్నెట్‌లో నువ్వు చూస్తున్న “ఇప్పుడు” ఆవిడకి కొన్ని సెకన్ల కిందటే, ఒక్కోసారి అర నిమిషం కిందటే అయిపోయింది.

ఎప్పుడు పంపాలంటే, మెచ్చుకోలు ఆ రాత్రే పంపు. తప్పుల మాట మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగాలి. లైవ్ ముగిసిన గంటసేపు ఒంట్లో ఆ వేగం దిగదు. ఇంటికి పోతూ దారంతా తడబడిన చోట్లే మళ్లీ మళ్లీ చూసుకుంటాం. అప్పుడు ఇంకొకరి వేలు కూడా అక్కడే గుచ్చితే నిద్ర ఉండదు. ఇక ఏదైనా పెద్ద తప్పు జరిగిన రోజున “ఎవరూ గమనించలేదులెండి” అని మాత్రం రాయకు. నేను ఒకసారి గెస్ట్‌ని పదినిమిషాల పాటు వేరే పేరుతో పిలిచాను. “ఎవరూ గమనించలేదు” అని పదకొండుమంది రాశారు! అబద్ధం ఎందుకు, “గమనించాను. మీరు నవ్వేసి, ఆయనకి సారీ చెప్పి ముందుకెళ్లారు, ఆ తీరు నచ్చింది” అంటే సరిపోయేది.

ఇప్పుడు కాస్త చనువు సంగతి. నీ ఉత్తరం “అక్కా, మీరు” అని మొదలై రెండో పేజీలో “నువ్వు”లోకి దిగింది. నువ్వు కావాలని చెయ్యలేదని తెలుసు. వారం వారం మన కళ్లలోకి చూసి మాట్లాడే మనిషి మనకి తెలిసిన మనిషిలాగే అనిపిస్తుంది. 1956లోనే హోర్టన్, వోల్ అనే ఇద్దరు దీనికి “పారాసోషల్” అని పేరు పెట్టారు. మనవైపు నుంచి మాత్రమే ఉండే పరిచయం అన్నమాట. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నేనూ కొందరిని అలాగే నావాళ్లనుకున్నాను. కానీ ఆవిడకి నువ్వు తెలీవు. నేను ఒంట్లో బాగోక పదిహేను రోజులు సెలవు పెడితే “నామీద కోపమా” అని ఒకతను రాశాడు. ఏం జవాబివ్వాలో తెలియక నాలుగు రోజులు ఆ కాగితం బల్లమీదే పెట్టుకున్నాను. కాబట్టి “మీరు”తోనే ఉండు. “రిప్లై ఇవ్వండి” మూడూ కొట్టెయ్. వాటి చోట “జవాబు అక్కర్లేదు, చెప్పాలనిపించి రాశాను” అని పెట్టు. ఆ ఒక్క వాక్యం చదివితే ఎంత ఊపిరి పీల్చుకుంటామో నీకు తెలీదు. చిత్రమేంటంటే, నేను జవాబులు రాసింది ఎక్కువగా అలాంటివాటికే.

ఆవిడ తరఫున వేరే యాంకర్ని తిట్టిన పేరా కూడా తీసెయ్. వాళ్లిద్దరూ ఒకే కాంటీన్‌లో కూర్చుని టీ తాగుతూ ఉండొచ్చు.

ఒక కాపీ ప్రొడ్యూసర్‌కి కూడా పంపు. ఇది చాలామందికి తట్టదు. తిట్లు ఎప్పుడూ తిన్నగా పైవాళ్లకి వెళ్తాయి, మెచ్చుకోళ్లు మాత్రం యాంకర్ సంచిలో ఉండిపోతాయి. షో ఉంచాలా తియ్యాలా అని కూర్చున్న రోజు బల్లమీద తిట్లే ఉంటాయి. నా సంచిలో ఉత్తరాలు నేనే తీసుకెళ్లి చూపించుకోవడానికి సిగ్గేసి ఒక మంచి షో పోగొట్టుకున్నాను.

ఇక ఆ మూడో పేరా. ఆసుపత్రిలో తాతయ్య పక్కన కూర్చుని చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని షో విన్నామని రాశావు. ఎవరో రాంగ్ నంబర్ కొట్టి, కుర్చీ కాలు విరిగింది, బాగుచెయ్యడానికి ఎప్పుడొస్తారని అడిగితే, ఆవిడ ఫోన్ పెట్టెయ్యకుండా నాలుగు నిమిషాలు ఆ కుర్చీ గురించే మాట్లాడిందని, తాతయ్య గట్టిగా నవ్వితే నర్సు పరిగెత్తుకొచ్చిందని రాశావు. నాన్న ఆ రోజుల్లో నవ్వాడని నాకు ఇప్పటిదాకా తెలీదమ్ములూ. నాకెందుకు చెప్పలేదు?

రన్‌డౌన్‌లో లేని నాలుగు నిమిషాలు. ఆ రాత్రి ఆవిడకి కచ్చితంగా చీవాట్లు పడి ఉంటాయి. ఆ నాలుగు నిమిషాలు ఎక్కడికి చేరాయో ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు. ఆ పేరాలో “సూపర్” ఒక్కటి కూడా లేదు, చూశావా? నీ ఉత్తరం అదే. మిగతా రెండు పేజీలూ చించెయ్. అక్షరం మార్చకు, ఆ “నర్సు తిట్టింది” అన్నది కూడా ఉంచు. అది ఏ తేదీన వచ్చిన షోనో మాత్రం రాయలేదు. వెతికి, వేసి పంపు.

పెద్దమ్మ