గోడౌన్‌లో బండి ఊరికే ఉండదు

చిరంజీవి చిన్నాకు,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు బైకుల డీలర్‌షిప్ తీసుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మా పుట్టింట్లో వ్యాపారం చేసినవాళ్లు లేరు, మొదటివాడివి నువ్వే. నలుగురికి చెప్పుకున్నాను కూడా. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. షోరూంలో లెక్కలు రాసినదాన్ని, ఎలా పడుతుంది?

రోడ్డు మీదకు కనిపించే చోటు చూసుకో, అద్దె ఒప్పందం ఎక్కువ కాలానికి రాయించుకో. వాటి సంగతి నీకే బాగా తెలుసు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బళ్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, గిరాకీ బాగుంది అన్నావట. నా భయమంతా ఆ బాగుండడం గురించే. నీ గోడౌన్‌కు బండి పంపగానే కంపెనీ లెక్కలో అది అమ్ముడుపోయినట్టే. నీకు మాత్రం కస్టమర్ డబ్బు కట్టి తీసుకెళ్తేనే అమ్మకం. ఈలోగా ఆ బండి కోసం తెచ్చిన అప్పు మీద బ్యాంకు వడ్డీ నీ నెత్తిన. నెలాఖరున ఏరియా మేనేజర్ వచ్చి, టార్గెట్‌కు కొన్ని బళ్లు తగ్గాయి, సర్దుకోండి సార్ అంటాడు. మర్యాదగా మాట్లాడి పంపించు, ఆర్డరు మీద మాత్రం సంతకం పెట్టకు.

2018లో మా ఓనరు గారు పెట్టారు. దసరా, దీపావళి చూసుకుని గోడౌన్ నింపేశారు. సెప్టెంబర్ 1 నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలన్నారు, ఆన్‌రోడ్ ధర పెరిగింది. అదే నెలలో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ బాకీలు ఎగ్గొట్టిన దెబ్బకు ఫైనాన్స్ కంపెనీల దగ్గర డబ్బు బిగుసుకుపోయింది. మా కస్టమర్లలో ఎక్కువమంది వాయిదాల మీద కొనేవాళ్లే. లోన్లు రాలేదు. పండగలు అయిపోయాయి, బళ్లు మిగిలాయి. బ్యాంకు గడువు దాటాక వడ్డీ ఇంకా పెరిగింది. నిలబెట్టిన బండికి బ్యాటరీ దిగిపోతుంది. జనవరి వచ్చిందంటే పోయినేడాది తయారీ కదా అని డిస్కౌంట్ అడుగుతారు.

అప్పుడు ఖర్చు తగ్గించాలని ఆయన ముందు ఎవరిని తీసేశారో తెలుసా? మెకానిక్‌లను! షోరూం బోసిగా ఉంటే పరువు పోతుందని సేల్స్ వాళ్లను ఉంచారు. చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం పాత బండినే బాగు చేయించుకుని తిప్పుతారు. ఆ రోజుల్లో నా పుస్తకంలో మిగులు కనిపించింది సర్వీసు చార్జీల్లో, స్పేర్ పార్టుల్లోనే. వెళ్లిపోయిన హెడ్ మెకానిక్ సొంత షెడ్డు పెట్టుకున్నాడు, మా కస్టమర్లు చాలామంది అక్కడికే పోయారు.

ఉంచిన సేల్స్ కుర్రాళ్లయినా బాగుపడ్డారా అంటే, అదీ లేదు. వాళ్లకు జీతం తక్కువ, ఇన్సెంటివే ఆధారం. అమ్మకం లేకపోతే ఉద్యోగం ఉండి కూడా ఇల్లు గడవదు. కొత్తగా పెళ్లయిన అబ్బాయి ఒకడు అడ్వాన్స్ కోసం వచ్చి, నా మొహం చూసి అడక్కుండానే వెళ్లిపోయాడు. తర్వాత మానేశాడు. 2019 ఆగస్టులో డీలర్ల సంఘం ఫాడా, మూడు నెలల్లో దేశమంతటా షోరూంలలో సుమారు 2 లక్షల ఉద్యోగాలు పోయాయని చెప్పింది. ఆ వార్త ఓనరు గారే నాకు చూపించారు, కష్టం తన ఒక్కడికే కాదన్న ఊరటతో. నాకు ఒళ్లు మండింది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బళ్లే, అంటే పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం ప్రకారం చేసినవే అమ్మాలన్నారు. మిగిలిన పాత ప్రమాణం బీఎస్-4 బళ్లను ఆయన తెలిసినవాళ్ల పేర్ల మీద రిజిస్టర్ చేయించి, తర్వాత సెకండ్‌హ్యాండ్ ధరకు వదిలించుకున్నారు. మార్చి 25న లాక్‌డౌన్ పడ్డాక అదీ కుదరలేదు.

నువ్వు చిన్నప్పుడు మా షోరూంలో ప్రతి బండీ ఎక్కి హ్యాండిల్ తిప్పేవాడివి, దింపితే ఏడుపు. ఇప్పుడూ కొత్త మోడల్ కనిపిస్తే తెప్పించేస్తావని నా అనుమానం. ఏ బండి ఎన్ని రోజులుగా పడి ఉందో ఛాసిస్ నంబరు ప్రకారం ప్రతి సోమవారం నువ్వే చూడు, మేనేజర్ మీద వదిలేయకు. మంచి నెలల్లోనే మూడు నెలల జీతాలు వేరే ఖాతాలో వేసి మర్చిపో. సేల్స్ వాళ్లకు సర్వీసు కౌంటర్ పని కూడా నేర్పించు, గిరాకీ తగ్గితే అక్కడ కూర్చోబెట్టొచ్చు. తప్పక ఎవరినైనా తీసేయాల్సివస్తే ముందుగా, నువ్వే, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పు. పీఎఫ్ మాత్రం ఒక్క నెల కూడా ఆపావంటే నీతో మాట్లాడను.

సంతకాలు ఎప్పుడంటున్నారు? బ్యాంకు ఇచ్చే శాంక్షన్ లెటర్ ముందు నాకు వాట్సాప్‌లో పెట్టు. ఫొటోలు వంకరగా తీయకు, గడువు దాటితే వడ్డీ ఎంతో రాసిన పేజీ సరిగ్గా కనపడాలి.

మీ అత్తయ్య